తరగతి గదిలో ఎన్ని ఇళ్లు? ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

కాంప్లెక్స్ సమావేశం ముగిశాక టీ తాగుతూ, బస్సు కోసం నిలబడి, ఒక్కోసారి రాత్రి ఫోనులో తోటి ఉపాధ్యాయులు నన్ను అడిగే ప్రశ్నలివి. ఒకటి నుంచి పది వరకు ఏ తరగతికి పాఠం చెప్పేవారికైనా పనికొస్తాయి. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

మాది మామూలు తెలుగు ఊరు. మా బడిలో సాంస్కృతిక వైవిధ్యం ఎక్కడుంది?

హాజరు పట్టీలో కనబడదు, పిల్లలు ఇంటికి వెళ్లే దారిలో కనబడుతుంది. శ్రీకాకుళం కొండల్లో సవర, అరకు, పార్వతీపురం వైపు కువి, కొండ, ఆదివాసీ ఒడియా, భద్రాచలం చుట్టూ కోయ, ఆదిలాబాద్‌లో గోండి, కొలామీ, మరాఠీ. చిత్తూరు సరిహద్దులో తమిళం, అనంతపురం పడమటి మండలాల్లో కన్నడం, తండాల్లో లంబాడీ, ప్రతి పట్టణంలోనూ ఉర్దూ. ఇవన్నీ తరతరాలుగా ఇక్కడున్నవే. వీటికి తోడు ఇటుక బట్టీలకు, రైసు మిల్లులకు, భవన నిర్మాణ పనులకు ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి.

సరే, మీ తరగతిలో అందరూ తెలుగు పిల్లలే అనుకుందాం. ఒకరింట్లో ఆదివారం చర్చి, ఇంకొకరింట్లో రంజాన్ ఉపవాసం, మరొకరి నాన్న కార్తీకంలో మాల వేసుకుంటాడు. ఒక పిల్లవాడు ఊరి నడిమధ్య నుంచి వస్తాడు, ఒకడు ఊరవతలి కాలనీ నుంచి వస్తాడు. ‘మా దగ్గర అందరూ ఒకటే’ అని హెడ్మాస్టరు గర్వంగా చెప్పే బడుల్లో నేను గమనించిందేమిటంటే, ఏదో ఒక రకం ఇంటి అలవాట్లు బడి నియమాలైపోతాయి, మిగిలిన పిల్లలు తమ ఇంటి సంగతి ఎత్తడం మానేస్తారు.

ఎవరి ఇంటి భాష ఏదో ఎలా తెలుసుకోవాలి? రికార్డులో అందరికీ ‘తెలుగు’ అనే ఉంది.

ఉంటుంది మరి. ప్రవేశం రోజున హడావిడిలో ఆ గడిని తెలుగు అని నింపేస్తాం. ‘నీ మాతృభాష ఏది?’ అని పిల్లలను అడిగినా లాభం లేదు, టీచరుకు ఏ జవాబు నచ్చుతుందో ఊహించి అదే చెబుతారు. ‘మీ నానమ్మ నిన్ను ఏ మాటల్లో తిడుతుంది?’ అని అడిగి చూడండి. తరగతి అంతా నవ్వుతుంది, నిజం బయటపడుతుంది. పేరు పక్కన పెన్సిలుతో ఇంటి భాష, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో తెలుగు బాగా వచ్చినవారెవరు, ఈ రెండూ రాసి పెట్టుకోండి. రెండోది చాలా అక్కరకొస్తుంది.

కొత్తగా వచ్చిన ఒడియా పిల్ల వారాల తరబడి నోరు విప్పడం లేదు. బుద్ధిమాంద్యమా?

కాదు. కొత్త భాషలో పడ్డ చిన్నపిల్లలు మొదట్లో కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు వినడంలోనే ఉంటారు. ఆ సమయంలో లోపల చాలా జరుగుతూ ఉంటుంది. లేపి నిలబెట్టి ‘చెప్పు, చెప్పు’ అంటే ఇంకా బిగుసుకుపోతుంది. చూపించమనండి, గీయమనండి, తెచ్చి ఇవ్వమనండి. ‘ఎర్ర సుద్దముక్క తీసుకురా’ అన్నప్పుడు సరిగ్గా తెచ్చిందంటే అర్థమైనట్టే. మార్కులు వేసుకోండి.

మొదటి రోజునే మీరు ఆ పిల్ల భాషలో నేర్చుకోవాల్సిన మాటలు కొన్నున్నాయి: నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, ఇంటికి, అన్నింటికంటే ముందు ‘బాత్రూముకు వెళ్లాలి’. ఈ ఒక్కటి చెప్పలేక తరగతిలోనే బట్టలు తడుపుకుని, మర్నాటి నుంచి బడి ముఖం చూడని పిల్లలున్నారు. మాట రాకపోతే చిటికెన వేలు చూపించినా చాలని తరగతి మొత్తానికి చెప్పండి.

లెక్కల్లో మరో చిక్కు. ఆ పిల్లకు కూడికలు వచ్చే ఉంటాయి, ‘ముప్పై ఏడు’ అని మీరు పలికినది ఏ సంఖ్యో తెలియదు. హిందీ, ఉర్దూ, ఒడియాలలో నూరు లోపు సంఖ్యల పేర్లు దాదాపు దేనికది విడిగా నేర్చుకోవాల్సినవి. పైగా హిందీలో ఇరవై మూడును తేయీస్ అంటారు, అందులో మూడు ముందు వినిపించి ఇరవై తర్వాత వస్తుంది. హిందీ పిల్లవాడు విన్న అంకెను తారుమారుగా రాస్తే తల మీద మొట్టకండి. బోర్డు మీద అంకెలు రాసి లెక్క ఇవ్వండి. అది చేయగలిగితే ఆ పిల్లలకు రావాల్సింది తెలుగే, లెక్క వచ్చేసింది. పైగా పదులు, ఒకట్లు విడివిడిగా పలికే తెలుగు పద్ధతి అలవాటైతే స్థానవిలువ వాళ్లకు తొందరగా ఎక్కుతుంది.

ఇంట్లో కూడా తెలుగే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పవచ్చా?

దయచేసి చెప్పకండి. మంచి ఉద్దేశంతో ఇచ్చే చెడ్డ సలహాల్లో ఇది మొదటిది. తనకు సగం సగం వచ్చిన భాషలో తల్లి బిడ్డతో ఎంత మాట్లాడగలదు? ‘తిను, పడుకో, చదువు’ దగ్గర ఆగిపోతుంది. కథలు, పొడుపు కథలు, ఎందుకు అనే ప్రశ్నలు, అలకలు, బుజ్జగింపులు అన్నీ ఆగిపోతాయి. ఆలోచన పెరిగేది వాటితోనే. ఇంటి భాష గట్టిగా ఉన్న పిల్లలకు రెండో భాష నేర్చుకోవడం తేలికని చాలా దేశాల అనుభవం. మీరు అడగాల్సింది వేరే: ‘ఈ రోజు బడిలో ఏం చెప్పారో మీ భాషలోనే వాడితో చెప్పించుకోండి’ అనండి.

ఏడాదికే గలగలా తెలుగు మాట్లాడుతున్నాడు. పరీక్షలో మాత్రం తెల్ల కాగితం. బద్ధకం కాదా?

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ దీని మీద చాలాకాలం పని చేశారు. ఆడుకోవడానికి, కొనుక్కోవడానికి, కొట్లాడుకోవడానికి సరిపడే భాష సుమారు రెండేళ్లలో వస్తుంది. సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం చదివి రాసే భాష తోటివారి స్థాయికి రావడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని ఆయన చెప్పారు. ‘బాష్పీభవనం’, ‘భిన్నం’, ‘కారణాలు వివరించండి’ లాంటివి ఆటస్థలంలో దొరకవు. ఆ మాట మాటకొస్తే మన తెలుగు పిల్లలకూ ఇంట్లో దొరకవు, కాబట్టి పాఠానికి ముందు అయిదారు ముఖ్యమైన పదాలను బొమ్మతోనో వస్తువుతోనో పరిచయం చేస్తే తరగతి మొత్తం బాగుపడుతుంది.

నాకు కోయ రాదు, గోండి రాదు, సవర అసలే రాదు. నేను ఏం చేయగలను?

ఈ ప్రశ్న అడిగినవారికి నేను ముందుగా గిడుగు రామమూర్తి పంతులు గారిని గుర్తు చేస్తాను. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వాడుక భాష కోసం ఆయన పోరాడిన సంగతి పిల్లలు బట్టీపట్టి ఉపన్యాసం ఇస్తారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నారని, ఆ భాషకు వాచకాలు, నిఘంటువు, వ్యాకరణం తయారు చేశారని, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారని చెప్పే ఉపన్యాసం మాత్రం నాకు అరుదుగా వినిపిస్తుంది. అసలు ఆయన గొప్పతనంలో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇంకో ఉదాహరణ ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయి అనే గోండుల ఊరు. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం నియోగించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, 1940లలో ఆ ఊళ్లో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించారు. వాళ్లు తమ ఊళ్లకు వెళ్లి గోండిలోనే అక్షరాలు దిద్దించారు. ఆ వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్య పేరుతో 8 భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చింది: గోండి, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా (లంబాడీ). ఈసారి తెలుగు లిపిని వాడారు. ఒకటో తరగతిలో ఇంటి భాషతో మొదలుపెట్టి, క్రమంగా తెలుగు పాలు పెంచుతూ పోవడం పద్ధతి. ఆ పుస్తకాలు మీ మండల వనరుల కేంద్రం బీరువాలో ఇప్పటికీ ఉండవచ్చు. దుమ్ము దులిపి చూడండి.

మీకు భాష రాకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. తెలుగు బాగా వచ్చిన పై తరగతి పిల్లను రోజుకు కొద్దిసేపు పక్కన కూర్చోబెట్టుకోండి. కథ ముందు ఆ పిల్ల నోట గోండిలో, తర్వాత మీ నోట తెలుగులో చెప్పించండి. జట్టు పనిలో ఒకే భాష పిల్లలు తమలో తాము ఆ భాషలోనే చర్చించుకోనివ్వండి, జవాబు మాత్రం తెలుగులో తెమ్మనండి. ‘తరగతిలో తెలుగే మాట్లాడాలి’ అనే బోర్డు ఉంటే తీసేయండి.

ఒక జాగ్రత్త. గోండి, కోయ, కువి, కొండ, కొలామీ మన తెలుగులాగే ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానిది, లంబాడీ ఉత్తరాది ఇండో-ఆర్య భాషలకు దగ్గరిది. ‘గిరిజన భాష’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తి కోయల మాట మన గోదావరి ఒడ్డు కోయల మాటకు కాస్త వేరుగా ఉంటుంది, కాబట్టి కోయ వచ్చిన టీచరు కూడా చెవులు రిక్కించాల్సిందే.

ఇప్పుడంతా ఇంగ్లిషు మాధ్యమమే కదా, ఇంటి భాష గొడవ ఇంకెందుకు?

గొడవ తగ్గలేదు, రెట్టింపైంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు. తెలుగు ఇంటి పిల్లకు ఒక పేజీ పరిచయం, సవర ఇంటి పిల్లకు రెండూ కొత్త. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించమంటోంది, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషే బోధన మాధ్యమం కావాలంటోంది, 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి వరకు అంటోంది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. మాధ్యమం ఏదన్నది మీ చేతుల్లో లేకపోవచ్చు, కానీ అర్థం కానప్పుడు మూడో భాషలో, అంటే పిల్లల ఇంటి భాషలో వివరించనివ్వడం మీ చేతుల్లోనే ఉంది.

నగరాల్లోని ప్రైవేటు బడుల టీచర్లకు దీనికి తలకిందులుగా ఇంకో ప్రశ్న ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. తెలుగు ఇంటి భాష కాని పిల్లల కోసం ‘వెన్నెల’ అనే తేలిక వాచకం ఉంది. రాజస్థానీ పిల్ల చేత పద్యం అప్పజెప్పించి అరసున్నా గురించి అడిగే ముందు ఆ పుస్తకం తెరవండి.

పిల్లల పేర్లు నోరు తిరగడం లేదు. కాస్త మార్చి పిలిస్తే తప్పా?

తప్పే. ఆదివాసీ పిల్లలకు బడిలో చేరిన రోజున పంతులే కొత్త పేరు పెట్టిన రోజులు మన దగ్గర ఉన్నాయి. ఇప్పటికీ ‘ఈ పేరేమిటి, లక్ష్మి అని రాద్దాం’ అనేవాళ్లున్నారు. ఆ చేతిరాత పదో తరగతి మెమో దాకా వెళ్తుంది, ఆ తర్వాత ఆధార్‌లో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఒకటి, మెమోలో ఒకటి అయి ఆ పిల్ల ఉపకార వేతనం కోసం కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. మెస్రం, ఆత్రం, సిడాం, కనక, తొడసం అనేవి గోండుల ఇంటిపేర్లు, వాటి వెనుక గోత్రాల చరిత్ర ఉంది. ముస్లిం పిల్లలకు, ఒడియా పిల్లలకు మన పద్ధతి ఇంటిపేరు ఉండకపోవచ్చు, లేనిది సృష్టించి ముందు తగిలించకండి. తల్లిదండ్రులు ఎలా పలుకుతారో రెండుసార్లు విని, తెలుగు లిపిలో అలాగే రాయండి.

ఉపకార వేతనాల పని మీద తరగతిలో కులం అడగాల్సి వస్తోంది. వేరే దారి ఉందా?

ఉంది, కాస్త ఓపిక కావాలి. ‘ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, ఎస్టీ పిల్లలు ఇటు రండి’ అనే పిలుపును మనలో చాలామంది చిన్నప్పుడు విన్నవాళ్లమే. నిలబడ్డవాళ్లకు అది ఇప్పటికీ గుర్తుంటుంది, కూర్చున్నవాళ్లకు గుర్తుండదు. వివరాలు ప్రవేశ రిజిస్టరులోనే ఉన్నాయి. లేనివాటికి తల్లిదండ్రులను పిలిచి ఆఫీసు గదిలో అడగండి. ఫారాలు పేరు పిలిచి ఇవ్వండి, కులం పిలిచి కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. బెత్తం లేకపోతే చాలనుకునేవాళ్లు ఆ రెండో సగం చదవాలి.

ఊడ్చే పని, నీళ్లు మోసే పని ఎప్పుడూ ఒకే పిల్లలకు పడుతోందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. వంతుల పట్టిక గోడకు అతికిస్తే ఆ సమస్య తీరుతుంది.

వేరే పండుగలకు సెలవు ఇవ్వాలా? పాఠాలు పోవా?

న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడులకు దీపావళి సెలవు ఇచ్చే చట్టం 2023లో వచ్చినప్పుడు మన పత్రికలన్నీ రాశాయి, అక్కడి తెలుగువాళ్లు సంబరపడ్డారు. సంబరపడాల్సిందే. మరి పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం ఇంటి పిల్లవాడు వెళ్తే మనం గైర్హాజరు వేసి, తిరిగొచ్చాక బెంచీ మీద నిలబెడుతున్నాం. జిల్లా అంతటికీ సెలవు ఇవ్వడం మీ పని కాదు. అయితే ఏడాది మొదట్లో పిల్లల ఇళ్ల పండుగలు కనుక్కుని క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం, ఆ రోజుల్లో యూనిట్ పరీక్ష పెట్టకపోవడం, వెళ్లొచ్చిన పిల్లకు పోయిన పాఠం చెప్పడం మీ పనే. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, శ్రావణంలో తండాల్లో తీజ్, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి, నెలవంకను బట్టి మారే రంజాన్. ముందే తెలిసిన తేదీలు ఇబ్బంది పెట్టవు.

చాలా తెలుగు పల్లెల్లో పీర్ల పండుగను హిందువులు, ముస్లింలు కలిసే చేస్తారు. పాఠం కోసం వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

వార్షికోత్సవంలో ‘భిన్నత్వంలో ఏకత్వం’ వేషాలు వేయిస్తున్నాం. అది సరిపోతుందా?

నన్నడిగితే అది మానేసినా నష్టం లేదు. ఆకులు చుట్టి, ముఖానికి నల్ల రంగు పూసి, చేతిలో బల్లెం పెట్టి ‘ఆదివాసీ’ అంటూ వేదిక ఎక్కిస్తారు. ముందు వరుసలో కూర్చున్న కోయ పిల్లవాడు యూనిఫాం వేసుకుని తన పేరు మీద ఆడే ఆ ఆటను చూస్తుంటాడు. గోండుల దండారి పండుగలో గుస్సాడీ నర్తకులు పెట్టుకునే నెమలి ఈకల టోపీకి నియమాలున్నాయి, దీక్ష ఉంది. అది అలంకరణ సామాను కాదు. ఆ కళకు మార్లవాయికి చెందిన కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ చూపించాలనుకుంటే తెలిసినవాళ్లను పిలిచి, వాళ్ల షరతుల మీద, వాళ్ల మాటల్లో చెప్పించండి. పిలవలేకపోతే వదిలేయండి.

ప్రార్థన, ఉపవాసం, మాల, వీటి విషయంలో బడి ఎలా ఉండాలి?

అందరికీ ఒకే కొలత. కార్తీకంలో ఏడో తరగతి పిల్లవాడు నల్లబట్టలతో, చెప్పులు లేకుండా వస్తే మనం యూనిఫాం గురించి అడగం, పైగా ‘స్వామీ’ అని పిలుస్తాం. మంచిదే. అదే మర్యాద రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లకు కూడా దక్కాలి: ఎండలో పరుగు పందెం వద్దు, భోజన సమయంలో వంటశాల దగ్గర కాకుండా గ్రంథాలయంలో కూర్చోనివ్వండి. ఉపవాసం ఉన్నావా లేదా అని తరగతిలో అడగకండి. ఉండని పిల్లకు కూడా అది ఇబ్బందే.

చట్టం సంగతి: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడుల్లో ఇష్టం లేని పిల్లను మతపరమైన ప్రార్థనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల అంగీకారం కావాలి. కేరళలో జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటే న్యాయవాదులందరికీ తెలుసు, టీచర్లకూ తెలిస్తే బాగుంటుంది.

మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు వేరువేరుగా కూర్చుంటున్నారు.

మొదట గమనించాల్సింది స్నేహాలను బట్టి కూర్చుంటున్నారా, వీధులను బట్టి కూర్చుంటున్నారా అని. రెండోదైతే తరగతుల వారీగా, హాజరు సంఖ్యల వరుసలో కూర్చోబెట్టండి, ఎవరినీ వేలెత్తి చూపకుండా పని అయిపోతుంది. అప్పుడప్పుడు మీరూ అదే వరుసలో పళ్లెం పట్టుకుని కూర్చోండి, ఊరికి ఆ కబురు వెళ్తుంది. గుడ్డు తిననివాళ్లను బలవంతపెట్టకండి, తినేవాళ్లను చూసి ముక్కు మూసుకోనివ్వకండి. ‘నిన్న మీ ఇంట్లో ఏం కూర?’ అనే ప్రశ్న తెలుగు పాఠానికి తేలికైన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, కొందరు పిల్లలు దానికి అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ‘నీకు ఇష్టమైన పండు ఏది?’ అనండి.

యాస సంగతి?

శ్రీకాకుళం నుంచి రాయలసీమకు, కరీంనగర్ నుంచి ఖమ్మానికి బదిలీ అయిన టీచరును ముందు పిల్లలే అనుకరిస్తారు, సరదాగా తీసుకోండి. పిల్లల యాసను మీరు అనుకరించడం మాత్రం సరదా కాదు. ఆనపకాయ అన్నా, సొరకాయ అన్నా తప్పు దిద్దకండి, రెండూ బోర్డు మీద రాయండి. ఇంటి మాట ఇంటికి, పుస్తకం మాట పరీక్షకు, రెండూ వచ్చినవాడు రెండు చోట్లా నెగ్గుకొస్తాడు. తెలంగాణ భాషా దినోత్సవం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ కాళోజీ తండ్రి మరాఠీ, తల్లి కన్నడిగురాలు. ఈ ఒక్క సంగతి పిల్లలకు చెబితే సెప్టెంబరు 9 ఉపన్యాసం చప్పగా ఉండదు.

‘బీహారీ’, ‘అడవి మనిషి’ అని పిల్లలు వెక్కిరిస్తున్నారు. నీతిబోధ చేసినా ఆగడం లేదు.

నీతిబోధతో ఆగదు, వెక్కిరింపు పడ్డ పిల్లకు తరగతి మొత్తం ముందు ఇంకోసారి అవమానం అవుతుంది అంతే. అన్నవాడిని పక్కకు పిలిచి, ఆ మాట ఇక్కడ కుదరదని ముక్తసరిగా చెప్పండి. తర్వాత ఆ పిల్లకు నిజంగా వచ్చిన పని ఏదో కనిపెట్టి అందరికీ అవసరమయ్యేలా చేయండి. హిందీ పీరియడులో ఉచ్చారణ బీహార్ పిల్లవాడు చెప్పాలి. చెట్ల పాఠంలో ఇప్ప, తునికి, మద్ది ఆకులు కోయ పిల్ల గుర్తుపట్టాలి. జాలితో ఇచ్చే అవకాశాన్ని పిల్లలు ఇట్టే పసిగడతారు, కాబట్టి పని నిజమైనదై ఉండాలి. సిబ్బంది గదిలో మనం ఏ మాటలు వాడుతున్నామో కూడా విందాం. వాళ్లు గాలిలోంచి నేర్చుకోలేదు.

వలస కూలీల పిల్లలు ఏడాది మధ్యలో వస్తారు. కాగితాలు ఉండవు. చేర్చుకోవచ్చా?

చేర్చుకోవాలి. విద్యాహక్కు చట్టం 14, 15 సెక్షన్ల ప్రకారం వయసు ధ్రువపత్రం లేదనో, ప్రవేశాల గడువు దాటిందనో బిడ్డను తిప్పి పంపకూడదు. టీసీ రావడం ఆలస్యమైనా ప్రవేశం ఆపకూడదని 5వ సెక్షన్, వయసుకు తగిన తరగతిలో చేర్చి వెనుకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆన్‌లైన్ నమోదులో గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదంటారు, అది మన తలనొప్పి, బిడ్డది కాదు. నమోదు అయ్యేదాకా తరగతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టండి.

ఆ తల్లిదండ్రులు సమావేశాలకు రారు. వాళ్లకు శ్రద్ధ లేదా?

బట్టీలో కూలి ఇటుకల లెక్కన ఇస్తారు, పూట పోతే డబ్బు పోతుంది. పడమటి ఒడిశాలో నువాఖాయి పండుగ రోజుల్లో అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లకు మేస్త్రీని అడగకుండా కదలడమే కష్టం. సాయంత్రం పని దిగాక మీరే ఒకసారి వెళ్లండి. హిందీ ముక్కలు నాలుగు, ఫోనులో బిడ్డ నోటుపుస్తకం ఫోటో, ఇవి చాలు మాట కలపడానికి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. తండా నుంచి, కాలనీ నుంచి, వలస కుటుంబాల నుంచి ఒక్కరైనా అందులో ఉన్నారా చూడండి.

ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

వేరే పీరియడు పెట్టుకుంటే పూర్తి కాదు. ఉన్న పాఠంలోనే చేయాలి. ఘనపరిమాణం పాఠాన్నే తీసుకోండి. ‘మీ ఇంట్లో ధాన్యం, బియ్యం దేంతో కొలుస్తారు, లేదా మీ తాతలు దేంతో కొలిచేవారు, కనుక్కుని రండి’ అని ముందు రోజు చెప్పండి. మర్నాడు గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వస్తాయి. ఒకరు ఇత్తడి సోల తెస్తారు, ఒకరు వెదురు బొంగు తెస్తారు, ఒకరింట్లో పాల డబ్బాయే మానిక. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని కోస్తా పిల్లలు చెబుతారు. ఇంకోవైపు నుంచి వచ్చినవాళ్ల లెక్క వేరు. బిందెడు నీళ్లు తెప్పించి, లీటరు కొలపాత్రతో ఒక్కొక్కటీ కొలిపించండి. ఒక మానిక ఇంకో మానికతో సరిపోదు. కొట్లాట మొదలవుతుంది, ‘మరి అమ్మేవాడు, కొనేవాడు ఏ మానిక ఒప్పుకోవాలి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. లీటరు ఎందుకు పుట్టిందో ఇక మీరు చెప్పక్కర్లేదు. గుణకారం, భిన్నాలు, ప్రామాణిక కొలతలు, అన్నీ ఒకే పీరియడులో అయిపోయాయి. ఏ ఇల్లూ దాక్కోలేదు.

వర్షాకాలం ముందు బట్టీ పిల్లలు వెళ్లిపోతారు. నేర్పిందంతా వృథాయేనా?

వాళ్లు వెళ్లేది మే, జూన్ నెలల్లో, మన హాజరు పట్టీలో అప్పటికే ‘దీర్ఘకాలిక గైర్హాజరు’ అని పడుతుంది. మార్చిలోనే ఎప్పుడు వెళ్తారో కనుక్కుని, వెళ్లేలోపు మూడు పనులు చేయండి. టీసీ చేతికివ్వండి, అడిగేదాకా ఆగకండి. ఆ బిడ్డకు చదవడం, రాయడం, లెక్కల్లో ఏవి వచ్చాయో ఒక పేజీలో హిందీలోనో ఇంగ్లిషులోనో రాసి, బడి ముద్ర వేసి ఇవ్వండి, అక్కడి టీచరు మళ్లీ మొదటి నుంచి ఆరంభించనక్కర్లేదు. తండ్రి ఫోను నంబరు, మేస్త్రీది కాకుండా, రాసుకోండి. బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా వచ్చిన బోధకులతో నడిచిన పని స్థలం బడులు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. మీ మండలంలో అలాంటిది ఉంటే నవంబరులో కుటుంబాలు దిగగానే పిల్లల పేర్లు వాళ్లతో సరిచూసుకోండి. నిరుటి పిల్లలే మళ్లీ వచ్చి ఉండవచ్చు, అదే బట్టీకి కాకపోయినా పక్క ఊరి బట్టీకి.